ఫ్లెక్సీ ఎక్కిన వౌచ్‌సేఫ్

అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లిష్ చెప్పి బతికినదాన్ని. మూడో అంతస్తు మెట్లు ఇక ఎక్కలేమని మోకాళ్ళు మొండికేశాక మానేశాను. ఇప్పుడు పంజాగుట్టలో మా వరండాలో కూర్చుని, ఫ్లైఓవర్ మీది హారన్లు వింటూ ఇది రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "విమలా మేడమ్, ఏ గ్రామర్ పుస్తకం కొనమంటారు?" అని అడుగుతుంటారు. ఏదో ఒకటి కొనండి. అన్నిట్లోనూ అవే పాఠాలు, కొన్నిట్లో అట్ట బాగుంటుంది. పుస్తకాల్లో లేని సంగతులు కొన్ని ఉన్నాయి. అవి చెప్తాను.

మన దగ్గరికి ఎందుకు వస్తారు

ముందుగా ఒక మాట. ఇంగ్లిష్ కోసం ఎవరూ అమీర్‌పేట రారు. ఎక్కడో ఒక ఆఫీసులో రిసెప్షన్ అమ్మాయి తమని పైనుంచి కింది దాకా ఒక చూపు చూసింది. ఆ చూపు మళ్ళీ పడకూడదని వస్తారు. దాన్ని ఎదుర్కునే ధైర్యం ఇవ్వగలిగితే టెన్సులు తప్పు చెప్పినా మనం మంచి టీచర్లమే. ఇవ్వలేకపోతే మన టెన్సులు మనకే.

మేం చాలాకాలం ధైర్యానికి బదులు బట్టీ ఇచ్చాం. 'మీ గురించి చెప్పండి' అని ఇంటర్వ్యూలో అడిగితే అప్పజెప్పడానికి ఒక పేరా ఉండేది. ఇన్‌స్టిట్యూట్ మొత్తానికి ఒకటే పేరా. ఒకసారి బేగంపేటలోని ఒక కంపెనీ నుంచి ఇంటర్వ్యూలు చేసే పెద్దమనిషి నాకు ఫోన్ చేశాడు. "మేడమ్, పొద్దున్నుంచి మీ పిల్లల్నే చూస్తున్నాను. అందరి నాన్నలూ కష్టజీవులే, అందరికీ సంగీతం వినడమే హాబీ. ఒక్కడి నాన్నయినా బద్ధకస్తుడు లేడా?" అన్నాడు. ఫోన్ పెట్టేసి ఆ పేరా చించేశాను. మా డైరెక్టర్ గారు మళ్ళీ జిరాక్స్ తీయించారు.

ఆ డైరెక్టర్ గారి గురించే ఇప్పుడు చెప్పాలి.

రాజేశం సార్

రాజేశం సార్‌ది మగ్గాల ఊరు. వాళ్ళ నాన్న నేత నేసేవాడు. అన్న అమీర్‌పేటలో టైలరింగ్ షాపు పెడితే, ఈయన వచ్చి కాజాలు కుట్టాడు, గుండీలు కుట్టాడు. ప్యాంట్లు పొట్టి చేయించుకోవడానికి వచ్చే కోచింగ్ కుర్రాళ్ళ నోట విని విని ఇంగ్లిష్ పట్టాడు. కొంతకాలానికి షాపు పైన మూడో అంతస్తు అద్దెకి తీసుకుని ఇన్‌స్టిట్యూట్ తెరిచాడు. ఆ వీధిలో ఉన్న డైరెక్టర్లందరిలోకీ చదువుకోవాలన్న ఆశ నిజంగా ఉన్న మనిషి ఆయనొక్కడే. నేను పనిచేసిన బాసుల్లో ఆయనకే ఎక్కువ మార్కులు వేస్తాను. అందరికీ వందకి ముప్ఫై లోపే అనుకోండి.

ఆయన లోపం ఒకటే. ఇంగ్లిష్ మాటల్ని ఎదిగే పిల్లాడి చొక్కాల్లా చూసేవాడు. ఒక సైజు పెద్దది తీసుకుంటే ఎక్కువ కాలం వస్తుందని నమ్మకం.

మెట్రో పిల్లర్లు లేస్తున్న రోజులవి. రోడ్డంతా తవ్వేసి ఉండేది. జనం తలదించుకుని గుంతలు చూసుకుంటూ నడిచేవాళ్ళు గానీ, తలెత్తి బోర్డులు చదివేవాళ్ళు కాదు. ఒకరోజు రాజేశం సార్ నన్ను తన గదికి పిలిచి, సెల్‌ఫోన్‌లో ఒక మాట చూపించాడు.

"మేడం, జర గీ మాట చూడుండ్రి. వౌచ్‌సేఫ్. వౌచ్ అంటే గ్యారంటీ. సేఫ్ అంటే సేఫే. గ్యారంటీ మీద గ్యారంటీ. కొత్త ఫ్లెక్సీ మీద 'వుయ్ వౌచ్‌సేఫ్ యూ ఎ జాబ్' అని ఏపిద్దామనుకుంటున్న."

"అది పాతకాలపు మాట సార్. ఇప్పుడు ఎవరూ వాడరు. దాని అర్థం కూడా గ్యారంటీ కాదు."

"పక్కోడు గ్యారంటీ అని రాసిండు. ఎదురుంగున్నోడు హండ్రెడ్ పర్సెంట్ గ్యారంటీ అని రాసిండు. మనం సుత గదే రాస్తే ఎవడు చూస్తడు?"

"ఇది రాస్తే ఎవరికీ అర్థం కాదు."

"అర్థం గాకుంటేనే కద మేడం, లోపలికొచ్చి అడుగుతరు."

వారం తిరక్కుండా ఆ క్రియాపదం మా బిల్డింగ్ మూడంతస్తులకీ అడ్డంగా వేలాడింది. పక్కనే టై కట్టుకున్న ఎవరో విదేశీయుడి ఫోటో. ఆయన మా దగ్గర ఎప్పుడూ చదువుకోలేదు.

ఆ మాట సంగతి

ఆ మాట నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. మా నాన్న పంజాగుట్ట దగ్గర ఒక పెద్దాసుపత్రిలో ల్యాబ్ అసిస్టెంటు. ఆదివారాలు చర్చి క్వయర్‌లో పాడేవాడు. మా చర్చిలో తెలుగు ఆరాధన అయ్యాక ఇంగ్లిష్ ఆరాధన ఉండేది. దాని ప్రార్థనల్లో ఈ వౌచ్‌సేఫ్ తరచూ వచ్చేది. పదేళ్ళ వయసులో నేను దాన్ని దేవుడి ఇనప్పెట్టె అనుకునేదాన్ని. విలువైనవన్నీ అందులో పెట్టి తాళం వేసుకుంటాడని. ఇంటికొచ్చి నాన్నని అడిగితే నవ్వి, "పెట్టె కాదమ్మా, పెట్టె తెరవడం" అన్నాడు.

అంతకన్నా బాగా నేనూ చెప్పలేను. వౌచ్‌సేఫ్ అంటే పైన ఉన్నవాడు కింద ఉన్నవాడికి, హక్కు లేకపోయినా, దయతలచి ఇవ్వడం. పాత ఇంగ్లిష్ రాతల్లో ఈ క్రియకి కర్తలు ముగ్గురే: దేవుడు, రాజు, ప్రియురాలు. దేవుడు శాంతిని, రాజు దర్శనాన్ని, ప్రియురాలు కిటికీ సందులోంచి ఒక చిరునవ్వుని వౌచ్‌సేఫ్ చేస్తారు. గుమాస్తాలు, కూరగాయలవాళ్ళు, టీచర్లు ఈ పని చేసినట్టు ఎవరూ రాయలేదు.

తరవాత తరవాత నవలలు రాసేవాళ్ళు దీన్ని ఎగతాళికి వాడుకున్నారు. ఒక గర్విష్ఠి జమీందారు ఉంటాడు. ఎవరో వచ్చి మర్యాదగా ఏదో అడుగుతారు. 'ఆయన జవాబు వౌచ్‌సేఫ్ చేయలేదు' అని రాస్తారు. జవాబివ్వలేదు అంటే సరిపోయేదానికి ఈ మాట ఎందుకు? మహానుభావుడు నోరు తెరవడం కూడా వరమే అనుకుంటున్నాడు చూడండి అని మనకి కన్ను గీటడానికి.

మనకీ అచ్చం ఇలాంటిదే ఉంది, దయచేయడం. ఒకప్పుడు రాజులు మాన్యాలు దయచేసేవారు. ఆ తరవాత చుట్టాలు మన ఇంటికి దయచేశారు. ఇవాళ ఎవరినైనా "ఇక దయచేయండి" అంటే చెప్పులు వెతుక్కోవాల్సిందే. పెద్ద మాటలకి ముసలితనం ఇలాగే వస్తుంది. సింహాసనం దిగి వీధిలోకొచ్చి వెక్కిరింతలో స్థిరపడతాయి.

క్లాసులో కూర్చున్నవాళ్ళు

ఫ్లెక్సీ పనిచేసింది. రాజేశం సార్ చెప్పినట్టే జనం లోపలికొచ్చి అర్థం అడిగారు. కౌంటర్ దగ్గర ఎవరుంటే వాళ్ళు "జాబ్ పక్కా అని" అని చెప్పారు. బ్యాచ్ నిండిపోయింది.

అందులో ఇద్దరి గురించి చెప్పాలి. నవీన్‌ది సిద్దిపేట దగ్గరి ఊరు. పంజాగుట్టలో ఒక బట్టల షోరూములో సేల్స్‌మన్. మా ఫ్లెక్సీని నమ్మి ఆ పని మానేశాడు. రెండో మనిషి మల్లీశ్వరి, తుని వైపు నుంచి వచ్చింది. అక్కడ చిన్న ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పేదట. అదీ వదిలేసి వచ్చి అమీర్‌పేట హాస్టల్లో దిగింది. ఒక గదిలో అంతమంది ఉంటే రాత్రి పక్క మీద తిరగాలన్నా అందరూ కలిసి తిరగాలి మేడమ్ అనేది.

కోర్సు అయిపోయింది. సర్టిఫికెట్లు ఇచ్చాం, ఫోటో దిగాం, చేతులు దులుపుకున్నాం. ఉద్యోగం ఊసు ఎవరూ ఎత్తలేదు. మర్నాడు పొద్దున నేను కొత్త బ్యాచ్ కోసం క్లాసులోకి వెళ్ళేసరికి, పాత బ్యాచ్‌లోంచి ఓ ఏడెనిమిది మంది టిఫిన్ బాక్సులతో సహా ముందు వరసలో కూర్చుని ఉన్నారు.

"ఏంటమ్మా మల్లీశ్వరీ, కోర్సు అయిపోయిందిగా?"

"కోర్సు అయిపోయిందండీ. ఉద్యోగం అవ్వలేదు. వచ్చేదాకా ఇక్కడే కూర్చుంటాం." చాలా మర్యాదగా చెప్పింది.

రాజేశం సార్ ఫీజు వాపసు ఇస్తానన్నాడు. వద్దన్నారు. "నౌకరి ఇడిసిపెట్టి వచ్చిన సార్. పైసలు గాదు, నౌకరి గావాలె" అన్నాడు నవీన్. రోజూ పొద్దున్నే వచ్చేవాళ్ళు. అరవలేదు, నినాదాలు లేవు. కొత్త బ్యాచ్‌వాళ్ళు వచ్చి, "వీళ్ళెవరు?" అని అడిగితే నవీన్ లేచి నిలబడి, నేను నేర్పిన ఇంగ్లిష్‌లోనే, తప్పుల్లేకుండా, అంతా చెప్పేవాడు. నేను చెప్పిన చదువు ఫలించడం అంత స్పష్టంగా అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. కొత్తవాళ్ళు సగం మంది మెట్లు దిగిపోయారు.

వకీలు

రాజేశం సార్ బామ్మర్ది శ్రీహరి వకీలు. అతను వచ్చాడు, ఫ్లెక్సీ చూశాడు, సెల్‌ఫోన్‌లో డిక్షనరీ చూశాడు, మొహం వెలిగింది. ఇద్దరూ నన్ను గదిలోకి పిలిచారు.

"మేడం, మీరు ముందే చెప్పిన్రంట గద, గా మాటకు అర్థం గ్యారంటీ కాదని. మీరు చెప్పిందే కరెక్టు" అన్నాడు శ్రీహరి. "అది దయ మాత్రమే. ఇస్తే ఇస్తం, లేకుంటే లేదు. రేపొచ్చి గీ ముచ్చట పిల్లలకు జర ఇంగ్లిష్ టీచర్‌గ చెప్పుండ్రి. మీ మాట వింటరు. లేసి పోతరు."

రాజేశం సార్ నా మొహం చూడకుండా, "మేడం, మీరు మన మనిషి" అన్నాడు.

ఇలా అన్నప్పుడల్లా జాగ్రత్తపడండి. నేను మీ మనిషిని అంటే బాగానే ఉంటుంది. మీరు మన మనిషి అంటే ఏదో పని పడింది. అప్పటికి మా ఇంట్లో వచ్చే జీతం నాదొక్కటే. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

ఇంటికెళ్ళి నాన్న వదిలిపోయిన పెద్ద డిక్షనరీ తీశాను. నాకు తెలిసిందే అయినా, ఇంతమంది ఎదుట చెప్పేముందు ఒకసారి చూసుకోవడం అలవాటు. చూశాక ఆ పేజీలో ఒక కాగితం ముక్క పెట్టుకున్నాను.

మర్నాడు క్లాసులో ముందు వరసలో పిల్లలు, పక్కగా కుర్చీల్లో రాజేశం సార్, శ్రీహరి. నేను బోర్డు మీద ఆ మాట రాసి, పైన మీకు చెప్పినదంతా చెప్పాను. దేవుడు, రాజు, ప్రియురాలు, జమీందారు, దయచేయడం. చాలాకాలం తరవాత మనసుకి నచ్చిన పాఠం చెప్పానేమో, పరిస్థితి మరచిపోయి బాగానే చెప్పాను. 'ఇక దయచేయండి' దగ్గర పిల్లలు నవ్వారు కూడా.

శ్రీహరి లేచాడు. "విన్నరు గద? దయ. దయ మీద కేసు నడవది."

మల్లీశ్వరి చెయ్యెత్తింది. "మేడమ్, నాకొక డౌటండీ. దేవుడు ఇస్తాడు, రాజు ఇస్తాడు అన్నారు. మరి రాజేశం గారు వీళ్ళలో ఎవరండీ?"

వెనక ఎవరో ఫక్కుమన్నారు. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. నిజంగానే అడుగుతోంది.

అప్పుడు మిగతా సగం చెప్పాను. "రాజు మాన్యం దయచేశాడంటే మాన్యం రాజు దగ్గర ఉన్నట్టు. లేనిదాన్ని ఎవరూ దయచేయలేరు. ఈ మాట వాడినవాడు తన చేతిలో వస్తువు ఉందనే చెప్తున్నాడు. ఇవ్వాలా వద్దా అన్నది అతని ఇష్టం కావచ్చు. కానీ ఉంది అన్నది మాత్రం ఖాయంగా చెప్పినట్టే. ఫ్లెక్సీ మీద ఇస్తాం అని కూడా రాశాం. మన దగ్గర ఉద్యోగాలు ఎప్పుడైనా ఉన్నాయా?"

శ్రీహరి ఏదో అనబోయాడు.

"ఇంకొకటి. ఈ మాట మొదట్లో రెండు మాటలు. వౌచ్ వేరే, సేఫ్ వేరే. ఒక ప్రభువు నలుగురిలో నిలబడి, ఇది భద్రం, దీనికి నేను పూచీ అని చెప్పడమే దాని పుట్టుక. దయ, కిరీటం తరవాత వచ్చి చేరాయి. రాజేశం సార్ డిక్షనరీ చూడకుండా చెప్పిన అర్థమే దాని అసలు అర్థం. నేను కాదన్నాను. నిన్న చూసుకున్నాను, ఆయనే కరెక్టు."

ఆ మాటకి రాజేశం సార్ మొహంలో ముందు సంతోషం కనిపించింది. అది ఎంతసేపో ఉండలేదు. తన మాట నెగ్గింది, తను ఓడాడు. "మేడం, మీరు మా దిక్కా, వాళ్ళ దిక్కా?" అని అడిగాడు.

"నేను చెప్పింది మాట అర్థం సార్. దిక్కు మీరే చూసుకోండి."

ఆయన బామ్మర్దితో నెమ్మదిగా, "శ్రీహరీ, నువ్వు కిందికి పోయి చాయ్ తాగు" అన్నాడు. శ్రీహరికి అర్థమైంది, బ్యాగు కూడా తీసుకుని వెళ్ళాడు.

బేగంపేట తిరుగుడు

ఆ మధ్యాహ్నమే ఫ్లెక్సీ దించేశారు. మరుసటి రోజు నుంచి రాజేశం సార్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, పిల్లల్ని షేర్ ఆటోల్లో ఎక్కించుకుని బేగంపేట ఆఫీసులు, హోటళ్ళు తిరగడం మొదలుపెట్టాడు. ఒకరోజు నన్నూ రమ్మన్నాడు. "ఇంగ్లిష్‌ల మీరు మాట్లాడుండ్రి మేడం. నాకు నోరు ఎండుతది."

ఒక పెద్ద హోటల్లో మేనేజర్ కోసం నవీన్‌తో కలిసి కూర్చున్నాం. మెత్తటి సోఫా. చల్లటి ఏసీ. రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి మమ్మల్ని పైనుంచి కింది దాకా చూసింది. నాకు అలవాటే. రాజేశం సార్‌కి ఆ చూపు కొత్తగా తగిలింది. ఇన్నేళ్ళుగా ఆ చూపు పేరు చెప్పి బతుకుతున్న మనిషి, ఇప్పుడు చొక్కా కాలర్ సర్దుకుంటున్నాడు. చాలాసేపటికి మేనేజర్ మా ముందునుంచే నడిచి లిఫ్ట్ ఎక్కి వెళ్ళిపోయాడు. సార్ లేచి నమస్తే పెట్టాడు. అవతలి మనిషి తల కూడా తిప్పలేదు.

రాజేశం సార్ మళ్ళీ కూర్చుని, "గిప్పుడు సమజైంది మేడం, గా జమీందారు మాట" అన్నాడు.

అయినా లేవలేదు. మేనేజర్ తిరిగి వచ్చేదాకా కూర్చున్నాం. నవీన్‌కి అక్కడే ముందు కౌంటర్లో పని దొరికింది. మా ఇంగ్లిష్ వల్ల అనుకునేరు. మేం అక్కడ కూర్చుని ఉండగానే ఒక గెస్టు తన గది బాగాలేదని ఉర్దూలో చెడామడా తిడుతుంటే, నవీన్ ఆయన దగ్గరికి వెళ్ళి, బట్టల షోరూములో గిరాకీని బుజ్జగించినట్టు బుజ్జగించి కూర్చోబెట్టాడు. తిరిగొస్తున్న మేనేజర్ అది చూశాడు. ఇంటర్వ్యూలో ఒక్క ఇంగ్లిష్ ముక్క అడగలేదు.

మిగతావాళ్ళు ఒక్కొక్కరూ కుదురుకున్నారు. ఒకరిద్దరు ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్లలో, ఒకడు కొరియర్ ఆఫీసులో. గొప్ప ఉద్యోగాలు కావు. పూచీ పడ్డ మనిషి వెంట ఉండి ఇప్పించినవి.

మల్లీశ్వరికి మాత్రం ఎక్కడా రాలేదు. ఇంటర్వ్యూలో వాళ్ళు ఒకటి అడిగితే ఈ అమ్మాయి రెండు అడిగేది. "సాలరీ పెర్ఫార్మెన్స్‌ని బట్టి అంటే ఏంటండీ, ఎవరు చూస్తారు?" అనేది. అందరూ కబురు చేస్తామన్నారు. ఎవరూ చేయలేదు.

పొద్దుటి బ్యాచ్

ఒకరోజు రాజేశం సార్ నన్ను పిలిచాడు. మల్లీశ్వరి కూడా ఉంది.

"ఎవరూ ఇయ్యకుంటే నేనే ఇస్త. చెప్పిన మాట చెప్పినట్టు. మల్లీశ్వరి మన దగ్గర టీచర్" అన్నాడు. నేను సంతోషించేలోపే, "పొద్దుటి బ్యాచ్ ఆమెకు. మీరు సాయంత్రం ఒక్కటి చూసుకోండ్రి మేడం" అన్నాడు.

పొద్దుటి బ్యాచ్ నాది. మొదటినుంచీ నాది. ఒక మాటతో ఆ అమ్మాయికి ఉద్యోగం ఇచ్చాడు, నాకు బుద్ధి చెప్పాడు. ఇంత పొదుపైన మేనేజ్‌మెంటు మళ్ళీ చూడలేదు. కోపం వచ్చింది, మెచ్చుకోవాలనీ అనిపించింది.

మెట్ల దగ్గర మల్లీశ్వరి నన్ను ఆపింది. "మేడమ్, మీరు వద్దంటే తీసుకోనండీ. ఊరికి పోతాను."

"తీసుకో. నువ్వు కాకపోతే ఇంకెవరినైనా పెడతాడు. వాళ్ళు నీ అంత మొండివాళ్ళయి ఉండరు."

"మీకు కష్టం కదండీ."

"కష్టమే" అన్నాను. లేదని చెప్పడం ఆ అమ్మాయి ముందు కుదరదు.

మొదటి రోజు వెనక బెంచీలో నన్ను కూర్చోమని తనే అడిగింది. కూర్చున్నాను. సార్ కూడా తలుపు దగ్గర, ఫోన్ చూసుకుంటున్నట్టు నిలబడ్డాడు. మల్లీశ్వరి పాఠం మొదలుపెట్టింది. బానే చెప్తోంది. అంతలో ఒక కుర్రాడు లేచాడు.

"మేడం, గో టు ది ఆఫీస్ అంటం. గో టు బెడ్ అంటం. గా బెడ్ ముంగట 'ది' ఎందుకు రాదు?"

ఈ పనిలో ఇలాంటి ప్రశ్నలు వస్తాయి. అలాంటప్పుడు అమీర్‌పేట టీచర్లు చేసే పనులు మూడున్నాయి. అది ఎక్సెప్షన్ అంటారు, సిలబస్‌లో లేదు అంటారు, లేదా అడిగినవాడి మొదటి వాక్యంలో తప్పు పట్టి కూర్చోబెడతారు. తలుపు దగ్గర రాజేశం సార్ ఫోన్ దించాడు. నాకు జవాబు తెలుసు, లేచి అందిద్దామా అనిపించింది.

మల్లీశ్వరి ఆ రెండు వాక్యాలూ బోర్డు మీద రాసి చదువుకుంది. తిరిగి ఆ కుర్రాడితో, "నాకు తెలీదండీ. రేపు కనుక్కొచ్చి చెప్తాను" అంది.

ఆ వీధిలో ఏ క్లాసులోనూ నేను ఆ మాట వినలేదు. సార్ గాభరాగా నా వైపు చూశాడు. ఎవరైనా లేచి వెళ్ళిపోతారేమోనని క్లాసంతా కలియజూశాను. ఎవరూ లేవలేదు. కుర్రాడు సరేనని కూర్చున్నాడు. పక్కవాడు అదే ప్రశ్న తన నోట్సులో రాసుకున్నాడు.

మర్నాడు ఆ బ్యాచ్‌లో ఒక్క కుర్చీ ఖాళీ లేదు. ఆమె ఏం చెప్తుందో విందామని నేను కూడా ముందే వెళ్ళాను. కూర్చోడానికి చోటు లేక, తలుపు దగ్గర రాజేశం సార్ పక్కన నిలబడ్డాను.